అన్న రాసిన కొలతలు

అన్న పోయిన పొద్దున ఆమె ప్రయోగశాలలో ఎండుటాకులు తూస్తోంది. ఆ ఆకు కషాయం రక్తపోటును నిజంగా తగ్గిస్తుందా అన్నది తేల్చడమే మూడేళ్లుగా ఆమె పని. ఫోనులో వదిన మాటలు ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. గుడ్డ కత్తిరిస్తూనే బల్ల మీదికి ఒరిగిపోయాడట. తలలో నరం చిట్లిందని ఆస్పత్రిలో చెప్పారు.

అన్న దర్జీ. కషాయం పరీక్షకు బీపీ ఉన్నవాళ్లు నలభై మంది కావాలి, ఒకరు తక్కువ పడ్డారు. సొంతవాళ్లు వద్దని, పరీక్ష నడిపించే పెద్ద డాక్టరు గారు నసిగినా అన్నే పట్టుబట్టాడు. మేకలు మేసే ఆకుతో బీపీ తగ్గిస్తానంటున్నావు, ముందు ఏ మేకకైనా బీపీ ఉందేమో కనుక్కో అని ఆటపట్టిస్తూనే సంతకం పెట్టాడు. పాత మాత్రలు మానకూడదు. రోజూ కషాయం తాగి, ఇచ్చిన యంత్రంతో బీపీ చూసుకుని పుస్తకంలో రాసుకోవాలి. నూట డెబ్బై దాటితే వెంటనే ఫోను చేయాలి.

మొదటి రెండు వారాలు పెద్ద మార్పేమీ లేదు. మూడో వారం అన్న ఇంటికి వెళ్లినప్పుడు ఆమె మాట జారింది. చాలామందికి తగ్గడం లేదని, ఇలాగే ఉంటే మూడేళ్ల పని మూలన పడుతుందని అంది. అన్న సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు. ఆ తరువాత అతని అంకెలు దిగుతూ వచ్చాయి. నూట యాభై, నూట నలభై రెండు, నూట ముప్పై. నా పరువు నువ్వే నిలబెట్టావని ఆమె మురిసిపోయింది.

అన్న పోయిన పది రోజులకు వదిన యంత్రం, పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

"నీ ఆకే పొట్టన పెట్టుకుందని అందరూ అంటున్నారమ్మాయీ. నేను నీ మీద మాట పడనివ్వలేదు. ఈ పుస్తకం తీసి చూపించాను. నూట ముప్పై ఉన్న మనిషి ఎలా పోయాడో మాత్రం నాకు అర్థం కావట్లేదు. నువ్వే చెప్పాలి."

"చూసి చెబుతాను వదినా."

"చూశాక పుస్తకం నాకిచ్చెయ్. ఆయన చేతిరాత."

యంత్రాన్ని మరొకరికి ఇచ్చే ముందు అందులో మిగిలిన పాత అంకెలు చెరిపేయడం అక్కడి అలవాటు. చెరిపే ముందు ఒకసారి చూద్దామని ఆమె మీట నొక్కింది. నూట ఎనభై నాలుగు. ఇంకోసారి నొక్కింది. నూట డెబ్బై ఎనిమిది. పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో రోజూ సరిచూసింది. రెండు వారాలు అంకెకు అంకె సరిపోయింది. మూడో వారం నుంచి ఒక్కటీ కలవలేదు. చొక్కా కొలత నూలుపోగంతైనా తప్పు రాయని మనిషి, ఐదు వారాల పాటు రోజూ కూర్చుని తప్పు రాశాడు. నిజం రాసి ఉంటే నూట డెబ్బై దాటిన రోజే ఆస్పత్రికి లాక్కుపోయేవాళ్లు.

ఆమె యంత్రం తీసుకుని నేరుగా పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లింది. తాను జారిన మాటతో సహా అంతా చెప్పింది. పరీక్ష ఆపి, మిగతా ముప్పై తొమ్మిది యంత్రాలూ తెప్పించి పుస్తకాలతో పోల్చారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్న వరుస కొట్టేసి చూస్తే, కషాయం తగ్గించింది నాలుగైదు అంకెలే. ఆ మాటే నివేదికలో రాసి, తన పేరు కింద సంతకం చేసింది.

ఆదివారాలు వదిన ఇంటికి వెళుతోంది. వదిన ఒకసారి పుస్తకం సంగతి అడుగుతుంది, ఒకసారి అడగదు. పుస్తకం ఇంకా ఇవ్వలేదు. అందులో ఉన్నది నిజం కాదని వదినకు ఇంకా చెప్పలేదు.