లావు తొడుగు

కేబుల్‌ని పైకి లాగాలంటే దాని కొసకు ఇనుప తీగల వల తొడుగుతారు. బరువు పడేకొద్దీ ఆ వల బిగుసుకుంటుంది, కొలత సరిపోతేనే. కాస్త లావుదైనా జారిపోతుంది. పోయినేడు మేస్త్రీ ఇచ్చిన లావు తొడుగు అలాగే జారి, కేబుల్ మీదపడి, తమ్ముడి కుడిచెయ్యి నుజ్జయింది. మేస్త్రీ అన్నదమ్ములిద్దరికీ సొంత బావే. "మనవాడికి తొడగడం చేతకాలేదండీ" అని ఇంజనీరు ముందు చేతులు దులుపుకున్నాడు. అన్న ఆ తొడుగు తీసి సంచి అడుగున దాచుకున్నాడు.

ఈరోజు ఆరంతస్తుల పైకి అదే కొలత కేబుల్ లాగాలి. ఇంజనీరూ, పనివాళ్లూ చుట్టూ ఉన్నారు. అన్న సంచి విప్పి ఆ తొడుగు బావ చేతిలో పెట్టాడు.

"గుర్తుపట్టావా బావా? తమ్ముడికి నువ్విచ్చిందే."

"దీనికేమయిందిరా, బంగారంలాంటి సరుకు. తొడగడం తెలియాలంతే."

"అయితే నువ్వే తొడుగు. లాగేటప్పుడు వాడు నిలబడ్డ చోటే నిలబడు."

బావ కేబుల్‌ని తడిమాడు. తొడుగును తడిమాడు. తర్వాత సన్న తొడుగులున్న పెట్టెవైపు చెయ్యి చాచాడు.

"అది కాదు బావా. బంగారం నీ చేతిలోనే ఉంది."

బావ తొడుగు కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంజనీరు దాన్ని తీసుకుని కేబుల్‌కి తొడిగి చూశాడు. అది వదులుగా ఊగింది. ఆయన బావ ముఖంలోకి చూశాడు.

అన్న సరైన తొడుగు వేసి, కేబుల్ పైకెక్కించి ఇంటికెళ్లాడు. తమ్ముడు ఎడంచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు.

"బావకీ తొడగడం చేతకాలేదురా" అన్నాడు పక్కన కూర్చుంటూ.