ఇస్త్రీకిచ్చిన పాట

"ఆ పాట ఒక్కటీ వదిలేసి ఇంకేదన్నా పాడమ్మా," అన్నాడు హోటల్ మేనేజరు.

ఆమెది పొద్దుటినుంచీ ఇస్త్రీపెట్టె తోసి వచ్చిన చెయ్యి. సాయంత్రం ఇక్కడ మైకు పట్టుకుంది.

"అదేంటి సార్? జనం అడిగేదే ఆ పాట!"

"అడుగుతారు. వెనకాలే నోటీసూ వస్తుంది. దాని హక్కులు ఏదో కంపెనీవట. అడక్కుండా పాడిస్తే నా మెడకి చుట్టుకుంటుంది."

"ఆ పాట కట్టింది నేనండీ. మాటా నాదే, వరసా నాదే."

"కట్టింది నువ్వే కావచ్చు. అమ్మిన సంతకం మాత్రం మీ తమ్ముడిది."

ముందు బల్లలవాళ్లు నవ్వుతుంటే ఆమె మైకు దించి మెట్లు దిగింది. ఆ పాట లేకపోతే సాయంత్రాలు తనని పిలిచేవాడు లేడు. అక్కడ ఒక్క సాయంత్రానికి ముట్టేది మూడు రోజుల ఇస్త్రీ కూలి.

పాట పుట్టింది ఆమె ఇస్త్రీ దుకాణంలోనే. బల్లమీద పెట్టె పడే దెబ్బే దాని తాళం. తమ్ముడు కీబోర్డు వాయిస్తాడు; ఆ దెబ్బ వెనక నాలుగు స్వరాలు కలిపి రికార్డు చేయించాడు. పేరు నమోదు చేసే రోజున "అక్కా, ఎవరి పేరు రాయమంటావ్?" అని అడిగాడు కూడా. "నీదైతేనేం, నాదైతేనేం? నీదే రాసెయ్. పైపనులు చూసుకునేది నువ్వేగా," అందామె. ఆ ఇంట్లో తండ్రి కాలంనుంచీ అంతే. ఆడవాళ్ల చెయ్యి చాకిరీకి, మగవాళ్ల చెయ్యి సంతకానికి. వ్యాపారంలో మొహమాటమంత ఖరీదైన సరుకు లేదు. కొన్న రోజున మాత్రం ఉచితంగానే వచ్చినట్టుంటుంది.

మర్నాడు తమ్ముడు దుకాణం ముందు కొత్త బండి ఆపి దిగాడు.

"అమ్మేశావురా?"

"అమ్మటమంటే పెద్దమాటక్కా. డబ్బంతా ఒకేసారి ఇచ్చేస్తామన్నారు, సరేనన్నా. అమ్మ మందులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయనుకున్నావ్?"

"మందుల సంగతి చెప్పావు. బండి సంగతి చెప్పలేదేం?"

వాడు నవ్వేశాడు. "నీదైతేనేం, నాదైతేనేం అన్నది నువ్వే కదా!"

తన మాటే తన చెంపమీద పడింది. ఆమె అల్మారా వైపు చూసింది. నిండా ఊళ్లోవాళ్ల బట్టలు.

"ఈ చొక్కాలన్నీ రోజూ నా చేతుల్లోనే ఉంటాయిరా. ఎప్పుడైనా ఒక్కటి తొడుక్కుని ఊరేగానా? ముడతలు తీస్తే చొక్కా నాదైపోదు, కూలి మాత్రమే నాది. నా పాటకి నువ్వు ముడతలు తీశావు. నీ కూలి నువ్వు తీసుకో, వద్దనను. నువ్వు చొక్కానే అమ్ముకొచ్చావు."

వాడు బండి తాళంచెవి తిప్పుతూ బల్ల పక్కన కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదనుకున్నాడో ఏమో, గొంతు తగ్గించాడు.

"సరే, తప్పయిపోయింది. వాళ్లిప్పుడు ఇంకో పాట అడుగుతున్నారు. మొన్న కూనిరాగం తీశావు చూడు, అది బావుంది. ఈసారి నీ పేరు కూడా చెబుతాలే."

"చెబుతావా, రాస్తావా?"

"అక్కాతమ్ముళ్ల మధ్య కాగితాలేంటక్కా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నిన్న హోటల్లో నవ్వినవాళ్ల కంటే ఎక్కువ మందుంటారా? మాట ఎవరిది, వరస ఎవరిది, వాయించిందెవరు, ఎవరికెంత వాటా... ముందు అది రాసుకురా. వాళ్లకి వాడుకోవడానికే ఇస్తాం. అమ్మకానికి కాదు."

లోపలి గదిలోంచి తల్లి దగ్గు, వెంటనే గొంతు: "తోడబుట్టినవాడితో బేరాలేంటే? ఒక్కసారి పాడితే నీ గొంతేం అరిగిపోదు!"

"మొదటి పాట పాడినప్పుడు అరిగింది గొంతు కాదమ్మా," అంది ఆమె.

"కోపం తగ్గాకే పాడులే," అంటూ తమ్ముడు ఫోను తీసి రికార్డు నొక్కి, బల్లమీద చొక్కా పక్కనే పెట్టాడు. అక్క సంగతి వాడికి తెలుసు. చెయ్యి ఆడితే పెదవి ఊరుకోదు.

గిరాకీ ఆగదు కదా. ఆమె పెట్టె అందుకుంది. ఒక దెబ్బ పడింది, రెండోది పడింది. కొత్త వరస గొంతులోకి పాకి పళ్లదాకా వచ్చింది. ఆమె పెదవులు బిగించింది. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి పాటకి తాళం ఇచ్చింది ఈ దెబ్బేనని. ఇప్పుడదీ ఫోనులోకి పోతోంది.

మూడో దెబ్బ పడలేదు.

నిప్పులు నిండిన పెట్టె గాలిలోనే ఆగిపోయింది. ఆమె దించలేదు. తమ్ముడు ఫోను తియ్యలేదు.