రాయైన పెళ్లికొడుకు

తులసికోట చుట్టూ చెరకు గడలు నిలబెట్టి పందిరి కట్టిన దగ్గర్నుంచి శేవంతికి కాలు ఒకచోట నిలవలేదు. ఉసిరికాయల పళ్లెం తెచ్చి పెట్టింది, మళ్లీ లోపలికి పట్టుకుపోయింది, మళ్లీ తెచ్చింది. కార్తీకంలో తులసికి విష్ణుమూర్తితో పెళ్లి చేయడం ఈ మరాఠీ ఊరు చిప్లూణ్‌లో ఇంటింటా ఉన్నదే. ఈ ఇంట్లో భర్త పక్కన పెళ్లికూతురి తల్లిగా పీట మీద కూర్చునేది శేవంతే. ఏటా ముచ్చటపడి కూర్చునేది. ఈసారి ఆ పీట చూస్తేనే ఒళ్లు మండుతోంది.

ఆ మంటకు కారణం వాకిట్లో కుర్చీ వేయించుకుని దర్జాగా టీ తాగుతున్నాడు. అల్లుడు హేమంత్. తులసి పెళ్లి కాగానే ఆమె కూతురు మృణాల్‌ను వెంట తీసుకుపోతానని కొత్త చీర కూడా పట్టుకొచ్చాడు.

మృణాల్ గణపతి పండుగ అవగానే పుట్టింటికి వచ్చేసింది. నిశ్చితార్థం అయినప్పటి నుంచి పెళ్లిదాకా హేమంత్ రోజూ ఫోన్ చేసేవాడు. మెట్ల మీద కూర్చుని ఈ పిచ్చిపిల్ల తన భయాలు, తండ్రి మీద కోపాలు, ఎవరికీ చెప్పనివన్నీ అతనికి చెప్పుకుంది. తీరా పెళ్లయ్యాక చూస్తే మొగుడి నోట్లోంచి మాట ఊడిపడదు. ఫోన్లో గొంతు వేరేగా వినిపిస్తుందిలే అని సరిపెట్టుకుంది. ఆ గణపతి పండక్కి హేమంత్ పినతండ్రి కొడుకు వచ్చి, "ఏం వదినా, ఉరుమంటే ఇంకా భయమేనా?" అన్నాడు. పెళ్లికి ముందు ఫోన్లో మాట్లాడింది ఆ గొంతేనని మృణాల్ ఇట్టే గుర్తుపట్టింది. నాలుగు మాటలు కలపలేని పెళ్లికొడుకుని చూసి సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడిన నాటకం అది.

హేమంత్‌కు ఇందులో తప్పేమీ కనిపించలేదు. పెళ్లి నిలబడాలనే చేశానంటాడు. శేవంతి అత్తగారికీ అదే సబబుగా తోచింది. ఇంటిల్లిపాదీ ఆజీ అని పిలిచే ఆవిడ ఏటా పెళ్లికి ముందు తులసి కథ చెబుతుంది. వృంద పాతివ్రత్యం వల్ల ఆమె మొగుడు జలంధరుణ్ణి ఏ దేవుడూ చంపలేకపోయాడు. చివరికి విష్ణువు ఆ మొగుడి వేషంలోనే వచ్చి ఆమె వ్రతం చెడగొట్టాడు. ఆ వృందే తర్వాత తులసి అయింది. ఈసారి ఆజీ కథంతా మృణాల్ వైపు తిరిగి చెప్పింది.

"దేవుడంతటివాడే లోకం కోసం వేషం కట్టాడే పిల్లా. వీడు కాపురం కోసం ఒక అబద్ధం ఆడించాడు. ఆ మాత్రానికే దేవుడికి మొక్కడం మానేశామా?"

"మానేయాల్సింది, ఆజీ," అంది మృణాల్. తల్లి వైపు చూసింది. "ఆయీ, నువ్వు ఇవాళ ఆ పిల్లను ఎవరి చేతిలో పెడుతున్నావు?"

నోరు కడుక్కోమని ఆజీ కేకలేసింది. మృణాల్ లోపలికి వెళ్లిపోయింది. శేవంతి ఇన్నేళ్లుగా ఆ కథ విని కళ్లు తుడుచుకుంది గానీ, ఈ మాట ఒక్కసారీ అడగలేదు.

పెళ్లి చేయించే పురోహితుడు భట్‌జీ వచ్చాడు. తులసికీ వరుడికీ మధ్య తెర పట్టారు. అల్లుడే విష్ణువు తరఫు అని ఆజీ ముచ్చటపడి సాలగ్రామం పళ్లెం హేమంత్ చేతికిచ్చింది. మంగళాష్టకాలు అయ్యాయి. తెర తీసేముందు రాయిని తులసి మొదట్లో పెట్టాలి. శేవంతి దాన్ని అందుకుంది గానీ పెట్టలేదు.

"భట్‌జీ, ఈయన రాయి ఎందుకయ్యాడు?"

"అదేం ప్రశ్న తల్లీ. వృంద శపించింది కదా."

"లోకం కోసం చేశానని చెప్పుకోలేదా?"

భట్‌జీ చేతిలోని అక్షతలు కింద పెట్టాడు. "చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. నీకు అన్యాయం చేశాను, నీ శాపం నాకు సరైనదేనని తల వంచాడు."

శేవంతి అల్లుడి వైపు తిరిగింది. "విన్నారుగా హేమంత్‌రావ్. దేవుడు రాయి అయ్యాకే పెళ్లికొడుకుగా ఈ వాకిట్లోకి వచ్చాడు. అంతకుముందు వచ్చి ఉంటే నేను పిల్లనిచ్చేదాన్ని కాదు."

"పెళ్లి నిలబడాలనే కదా నేను..." అని నసిగాడు హేమంత్.

తప్పు చేశానంటాడేమోనని ఆమె చూసింది. అనలేదు. రాయిని తులసి మొదట్లో పెట్టింది, తెర తీశారు, అక్షతలు పడ్డాయి. విష్ణువు మీద ఆమెకు కోపం పూర్తిగా పోలేదు. అయినా చేతులు జోడించింది. అటుకుల ప్రసాదంతో పాటు ఆ కొత్త చీరనూ అల్లుడి చేతిలో పెట్టేసింది. ఆజీ ముఖం ముడుచుకుంది. హేమంత్ కారెక్కాడు గానీ కారు కదల్లేదు.

లోపల మృణాల్ ఫోన్ మోగింది, ఆమె స్పీకర్‌లో పెట్టి ఎత్తింది. శేవంతి గడప దగ్గరే ఆగిపోయింది. అవతల ఎవరూ మాట్లాడటం లేదు. ఊపిరి వినిపిస్తోంది. ఒక మాట మొదలవుతోంది, తెగిపోతోంది, మళ్లీ మొదలవుతోంది.

"ఎవరే?" అంది శేవంతి.

"ఈసారి ఆయనే, ఆయీ," అంది మృణాల్. ఫోన్ పెట్టేయకుండా మెట్ల మీద కూర్చుంది.