ఆపేవాళ్లు లేని మోటారు

మా ఆయనతో కాపురానికి ఓపిక అక్కర్లేదు, చీకట్లో కళ్లు కనపడితే చాలు. పొయ్యి మీద కూర కలిపి గరిటె కడగడానికి ఇటు తిరుగుతానో లేదో, వంటింట్లో లైటు ఆరిపోయి ఉంటుంది. ఫ్యాను కింద కూర్చున్నదాన్ని మంచినీళ్లకని లేస్తే, తిరిగొచ్చేసరికి రెక్కలు ఆఖరి చుట్టు తిరుగుతుంటాయి. పెళ్లిచూపులప్పుడు అబ్బాయి పొదుపరి అని మధ్యవర్తి చెబితే మా నాన్న సంబరపడ్డాడు. కాపురానికి వచ్చింది మా నాన్న కాదు కదా.

అలాంటి మనిషిని ఏరికోరి సర్పంచిని చేసుకున్నారు మా ఊరివాళ్లు. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య హైవే దిగి, సుబాబుల్ తోటల పక్కనుంచి లోపలికి వస్తే మా ఇప్పలకుంటపాడు. పత్తి, మిరప, ఊరి మధ్యలో ఎత్తుగా మంచినీళ్ల ట్యాంకు. ప్రభుత్వ స్థలం ఉన్నది ఆ ఒక్కచోటే కాబట్టి ట్యాంకు నీడలోనే అంగన్‌వాడీ కూడా కట్టారు. మా పాప లహరి అక్కడికే వెళ్తుంది.

గెలిచిన కొత్తలో మా కిషోర్‌బాబుగారి చూపు జాకీర్ మీద పడింది. బోరు దగ్గర మోటారు వేయడం, ట్యాంకు నిండాక ఆపడం జాకీర్ పని. స్విచ్చి ఆపడానికి కూడా జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలా అని మా ఆయన ప్రశ్న. ఇంట్లో స్విచ్చిలన్నీ ఉచితంగా ఆపే మనిషికి ఆ సంగతి నిజంగానే అర్థం కాలేదు. జాకీర్‌ని మాన్పించి, కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేలా ఆటో స్టార్టరు పెట్టించారు. జాకీర్ ముక్త్యాల వెళ్లి సిమెంటు లారీ ఎక్కాడు. పంచాయతీకి ఇంత మిగిల్చానని ఆ నెలంతా మా ఆయన మీసం మీద చెయ్యి తీయలేదు.

ఆటో స్టార్టరుకి మొదలుపెట్టడం వచ్చు, ఆపడం రాదు. ఆ విషయంలో అది మా అత్తయ్యకి దగ్గర చుట్టం. త్రీఫేజు కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరిగేది, ట్యాంకు నిండి పైనుంచి పొర్లేది. ఎవరన్నా వెళ్లి ఆపొచ్చు కదా అంటే, మోటారు గదికి తాళం, ఆ తాళానికి ఒకటే చెవి, అది మా ఆయన మొలతాడుకి. రెండో చెవి చేయించడం దండగన్నారు.

ఊరు మాత్రం మురిసిపోయింది. కొత్తింట్లో పాలు పొంగినట్టు ఊరి ట్యాంకు పొంగుతోందన్నారు. పక్క ఊళ్లో బిందెల దగ్గర జుట్లు పట్టుకుంటుంటే మన కిషోర్‌బాబు చేతి చలవవల్ల నీళ్లు పొర్లిపోతున్నాయన్నారు. దసరాకి ట్యాంకు స్తంభాలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ధార కింద గేదెల్ని కడిగారు, దుప్పట్లు ఉతికారు.

పొర్లే నీళ్లకి కూడా మీటరు తిరుగుతుందని ఎవరికీ తోచలేదు. జాకీర్ జీతం మిగిలిన చోట కరెంటు బిల్లు వచ్చి కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. బాకీ పెరిగింది. పంచాయతీకి పైనుంచి వచ్చిన నిధులు వచ్చినట్టే ఆ బాకీ కింద జమ పడిపోయాయి. ఇది అర్థం కావడానికి నేను నందిగామలో చదివిన బీకాం అక్కర్లేదు. ఫ్యాను ఆపే మనిషి చివరికి ట్యాంకులో కలిపే బ్లీచింగు పౌడరు సొంత జేబులోంచి కొనడం చూసి లోపల్లోపల నవ్వుకున్నాను.

కార్తీకం మొదట్లో ఆ నవ్వు పోయింది.

లహరిని తీసుకురావడానికి వెళ్లి అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడ్డాను. వెనక ధబ్బుమని చప్పుడైంది. పిల్లల చెప్పులు విడిచిన చోట సిమెంటు పెళ్ల పడి ఉంది. మా అత్తయ్య పచ్చడి నూరే రోలంత ఉంటుంది. తల ఎత్తి చూశాను. పొర్లిన నీళ్లు ఇన్నాళ్లూ ఒకే స్తంభం మీదుగా జారాయి. పసుపూ పాచీ కలిసిపోయి దాని తీరు ఎవరికీ కనపడలేదు. పెళ్ల ఊడిన చోట లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. స్తంభం మొదట్లో మట్టి కోసుకుపోయి, చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్లింది. వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా భయం వేసింది, నేను కదిపితే అది కదులుతుందేమోనని.

ఆ సాయంత్రం ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగాను.

"స్తంభం పగిలిందండీ," అన్నాను.

తెలుసట. వానల్లోనే ఇంజనీరుగారు వచ్చి చూసి, స్తంభం చుట్టూ కొత్తగా సిమెంటు తొడుగు కట్టాలని అంచనా వేసి వెళ్లారట. ఆ డబ్బే ఉంటే ఎప్పుడో కట్టేవాళ్లమన్నారు. డబ్బంతా ఎటు పోయిందో ఇద్దరికీ తెలుసు కాబట్టి నేను అడగలేదు.

"అయితే అంగన్‌వాడీనన్నా మార్పించండి."

"మారిస్తే ట్యాంకు బాగాలేదని నేనే చాటింపు వేసినట్టుంటది. ఎందుకు బాగాలేదని అడుగుతారు."

"అడగనీండి. చెప్పండి."

ఆయన లేచి లైటు ఆపేసి వెళ్లారు. నేనింకా ఆ గదిలోనే ఉన్నా.

మర్నాటి నుంచి లహరికి జ్వరమని చెప్పి ఇంట్లో ఉంచాను. దానివల్ల నా గుండె కుదుటపడుతుందనుకున్నాను, పడలేదు. మా పిల్ల నా కొంగు పట్టుకుని తిరుగుతుంటే, మిగతా పిల్లలందరూ ఆ ట్యాంకు కింద కూర్చుని పాటలు పాడుతున్నారు. ఆ పాటలు మా పెరట్లోకి వినపడతాయి. మోటారు గుంయ్‌మనగానే చేతిలో పని ఆగిపోయేది. కాసేపటికి నీళ్లు పొర్లే చప్పుడు వస్తే, అమ్మయ్య, ట్యాంకు నిలబడే ఉంది అనుకునేదాన్ని. చప్పుడు ఆగితే మళ్లీ భయం. పోయింది కరెంటా, ట్యాంకా? వాకిట్లోకి పరిగెత్తి, ఇళ్ల కప్పుల మీదుగా ఆ గుండ్రటి తల కనపడ్డాక గానీ ఊపిరి తీసుకునేదాన్ని కాదు.

అంగన్‌వాడీ టీచరు జాయిస్‌ని మాటల్లో పెట్టాను. ఆవిడకీ భయమే. పిల్లల్ని మా వరండాలో కూర్చోబెట్టుకోమంటే ఆవిడ కళ్లు మెరిశాయి గానీ, చోటు మార్చాలంటే పైవాళ్లకి కారణం రాయాలన్నారు. సర్పంచిగారే ట్యాంకు బ్రహ్మాండంగా ఉందంటుంటే, పడిపోయేలా ఉందని తను ఎలా రాస్తారు?

"అదే ఏ పామో వచ్చిందనుకోండి, ఎవర్నీ అడిగే పనుండదండీ," అని నిట్టూర్చారు.

ఆవిడ ఊరికే అన్నారు. నేను ఊరికే వినలేదు.

ఆ మధ్యాహ్నమే అంగన్‌వాడీ ఆయా పుల్లమ్మని పిలిచి కాఫీ ఇచ్చాను. ట్యాంకు స్తంభం మొదట్లో ఉన్న బొరియలోకి నాగుపాము దూరడం చూశానని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను, కబురు తొందరగా వెళ్తుందని. కాఫీ గ్లాసు నేను కడిగి బోర్లించేలోపు జాయిస్ టీచరు పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ మా వరండాలోకి వచ్చేశారు. ఇంత చక్కటి అబద్ధం ఆడినందుకు ఆ పూట నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఏ కట్లపామో అని ఉంటే సరిపోయేది. అక్కడికి నా బుర్ర పనిచేయలేదు.

మర్నాడు పొద్దున మా ఆయన కరెంటు బాకీ మీద గడువు అడగడానికి నందిగామ వెళ్లారు. వరండాలో పిల్లలకి పాలు కాద్దామని చూస్తే గిన్నె లేదు. పాలూ లేవు, కోడిగుడ్లూ లేవు, అత్తయ్య కూడా లేదు. పుల్లమ్మని అడిగితే, అత్తగారు ప్రమీలారాణమ్మ పొద్దున్నే తలస్నానం చేసి ఆడవాళ్లందర్నీ పోగేసుకుని వెళ్లారంది. మొన్న నాగులచవితికి మోకాళ్ల నొప్పులని మా అత్తయ్య పుట్ట దగ్గరికి వెళ్లలేదు. అందుకే స్వామే ఊళ్లోకి వెతుక్కుంటూ వచ్చాడట. ట్యాంకు కింద పాలు పోయడానికి వెళ్లారట.

"లహరి ఏది?" అన్నాను.

"గుడ్లు పట్టుకుని నాయనమ్మ ఎంబడి పోయిందిగా."

చెప్పుల్లేకుండా పరిగెత్తాను. దారిలోనే మా ఆయనకి ఫోను చేస్తే ఆఫీసరు గదిలో ఉన్నానని గుసగుసగా అన్నారు. లహరి ట్యాంకు కింద ఉందని చెప్పాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది, ఫోను కట్టయింది. నందిగామ నుంచి బండి ఎంత తోలినా ఆయన వచ్చేసరికి ఏదైనా అయిపోతుంది.

ట్యాంకు కింద ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. తడి జుట్లు, కర్పూరం పొగ, పాలచెంబులు. పిల్లల్ని ఖాళీ చేయిద్దామని నేను చెప్పిన మాట ఊరి మొత్తాన్ని తెచ్చి అక్కడ నిలబెట్టింది. ఆ స్తంభం మొదట్లోనే, బొరియ పక్కన గొంతుకూర్చుని, మా లహరి చువ్వలు తేలిన చోటికి జాగ్రత్తగా పసుపు పూస్తోంది.

దాన్ని ఎత్తుకుని చంకన వేసుకున్నాను. పాము లేదని, నేను అబద్ధం చెప్పానని, స్తంభం పడిపోతుందని, అందరూ రోడ్డు అవతలికి రమ్మని మొత్తుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. మా అత్తయ్య నా వంక జాలిగా చూసింది.

"కళ్లు పోతాయ్, లెంపలేసుకో సుస్మితా. దేవుడి ముందర ఏం మాటలవి?"

అప్పుడే రోడ్డు అవతల మోటారు గుంయ్‌మంది. త్రీఫేజు వచ్చింది.

రాత్రి నిండిన ట్యాంకే, కాబట్టి ఎంతోసేపు పట్టలేదు. పైన ఏదో గొంతు సవరించుకున్నట్టయి ధార మొదలైంది. చల్లటి నీళ్లు నా భుజం మీద పడ్డాయి. లహరి నా మెడ గట్టిగా పట్టుకుంది. అత్తయ్య చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడ విడిపించుకుంది. ఆవిడ విడిపించుకుని ఒక అడుగు వెనక్కి వేయడమే మంచిదైంది. పైనుంచి సిమెంటు పెళ్ల వచ్చి, అంతకుముందు ఆవిడ కూర్చున్న పీటనీ పాలగిన్నెనీ కలిపి నేలకి అంటించేసింది.

ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య అందరికన్నా ముందు రోడ్డు దాటింది.

లహరిని ఆవిడ ఒళ్లో పడేసి మోటారు గది దగ్గరికి వెళ్లాను. కొబ్బరికాయలు కొట్టడానికి ఎవరో తెచ్చిన రాయి ఇంకా ఒకావిడ చేతిలోనే ఉంది. అది లాక్కుని తాళం మీద కొట్టాను. చేతికి దెబ్బ తగిలిందని తర్వాత తెలిసింది. తాళం ఊడింది. స్విచ్చి కిందికి లాగాను. మోటారు ఆగింది, ధార సన్నబడింది. ఆ నిశ్శబ్దంలో స్తంభం మొదట్లో ఎముక విరిగినట్టు చప్పుడైంది. మేమందరం చూస్తుండగానే ట్యాంకు మెల్లగా అంగన్‌వాడీ వైపు ఒరిగింది. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. జానెడు ఒరిగి ఆగింది. అంతే. పడనూలేదు, లేవనూలేదు.

మా ఆయన వచ్చేసరికి ఊరంతా రోడ్డు అవతలే నిలబడి ఉంది. ఇళ్లలోని కుళాయిలన్నీ విప్పేయమని ఎవరో కేకేస్తే విప్పేశారు. ట్యాంకు ఖాళీ అవుతున్న చప్పుడు కాలవల్లోంచి వస్తోంది. ఆయన బండి స్టాండు వేయడం కూడా మర్చిపోయారు. బండి పక్కకి పడిపోయినా తిరిగి చూడలేదు. ఒరిగిన ట్యాంకునీ, ఖాళీ అంగన్‌వాడీనీ చూశారు. లహరి దగ్గరికొచ్చి దాని పసుపు చేతులు పట్టుకుని, అది ఎక్కడి పసుపో తెలుసుకున్నారు. ఆయన ముఖంలో ఆ రంగు నేను ఇంతవరకు చూడలేదు.

ఈలోగా మా అత్తయ్యకి ఊపిరి అందింది. ఊపిరితోపాటు వివరణ కూడా అందింది. చవితి నాడు పుట్టకి పాలు పోయనందుకే ఇదంతా జరిగిందని, నాగేంద్రుడే దయతలచి కోడలి నోట అబద్ధం పలికించి పిల్లల్ని ఇవతలకి పంపించాడని అందరికీ చెప్పింది. ఆడవాళ్లు దణ్ణాలు పెట్టుకున్నారు. మగవాళ్లు తలలూపారు. దోషం పోవడానికి శాంతి చేయిస్తే సరిపోతుందని ఒక పెద్దాయన అన్నాడు.

"అంతేగదరా కిషోరూ," అంది మా అత్తయ్య. "దీంట్లో మనుషులు చేసిందేముంది?"

అంతా ఆయన వంక చూశారు. అవునంటే చాలు. ఊరు నమ్మేస్తుంది, శాంతికి చందాలు కూడా వేసుకుంటుంది. ఆయన ఏమంటారోనని, ట్యాంకు కింద లహరిని చూసినప్పుడు పడినంత భయం మళ్లీ పట్టుకుంది నాకు. తల దించుకుని ఆయన ఏదో అన్నారు.

"వినపడలా కిషోర్‌బాబూ," అన్నారెవరో వెనక నుంచి.

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అరచేతిలో పెట్టుకున్నారు. దానికిక తాళం లేదు.

"దోషం లేదమ్మా, పామూ లేదు. జాకీర్‌ని మాన్పించి పంచాయతీకి డబ్బు మిగిల్చా అనుకున్నా. ఆపే మనిషి లేక పొర్లిన నీళ్లు స్తంభాన్ని తినేసినయ్. ఆ నీళ్లకైన బిల్లు, స్తంభం బాగుచేసే డబ్బుని తినేసింది. వానల్లోనే తెలుసు నాకు. తెలిసీ పిల్లల్ని ఆడనే కూర్చోబెట్టా." గొంతు పెంచారు. "తప్పు నాది."