ఒంటి వత్తి

శుక్రవారం సాయంత్రం కుందిలో రెండో వత్తి వేస్తుండగా నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒంటి వత్తితో దీపం పెట్టకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదే. ఒంటి వత్తి పోయినవాళ్ళ తలాపున పెడతారు. మరి మధ్యాహ్నం నేను తెర మీద హన్నాబాయి ఫొటో పక్కన పెట్టిన దీపానికి ఎన్ని వత్తులున్నాయి?

"ఓరి దేవుడో!" అని అరిచాను. నా కేకకు మా ఆయన నర్సింగ్ చేతిలోని మిక్చర్ పొట్లం కింద పడింది.

"ఏమైందే శ్రీలతా?"

మేముండేది మస్కట్‌లో, వాడి కబీర్‌లో. ఆయనకు అల్ అమెరాత్‌లో సైట్ డ్యూటీ, నాకు ఇంట్లోంచే పని. ముంబైలోని ఒక యూదుల ప్రార్థనా మందిరంలో పెద్ద డిజిటల్ తెర ఉంది. ప్రార్థన వేళలు, ఆ రోజు ఎవరి వర్ధంతి, ఎవరి పుట్టినరోజు, అన్నీ అందులో కనబడతాయి. అవి తయారుచేసి ఇక్కణ్ణుంచి ఎక్కించేది నేనే. వాళ్ళ వర్ధంతులూ మన తిథుల్లాగే చంద్రుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి నాకా పని కొత్తగా అనిపించలేదు. వర్ధంతి పేరు పక్కన ఒంటి దీపం, పుట్టినరోజు పేరు పక్కన పువ్వులు. అది వాళ్ళ పద్ధతి.

హన్నాబాయికి ఈ రోజుతో తొంభై నిండాయి. గుండె జబ్బుతో చాలాకాలం మంచాన పడి, ఈ సాయంత్రమే మళ్ళీ మందిరానికి వస్తోంది. ఫొటో కోసం ఫోన్ చేస్తే "బేటీ, ముడతలు కనబడనివ్వకు" అని నవ్విన మనిషి. ఆవిడకు మామూలు పువ్వులేం సరిపోతాయని నా అతితెలివి. ఫొటో చుట్టూ దండ వేశాను, పండగ కళ ఉంటుందని పక్కన దీపం పెట్టాను. పుట్టినరోజని అందరికీ తెలిసిందే కదా, మళ్ళీ మాటలెందుకని ఏమీ రాయలేదు. ఇప్పుడు లాప్‌టాప్ తెరిచి చూస్తే దీపానికి ఒక్కటే వత్తి. మా జగిత్యాల చౌరస్తాలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అచ్చం ఇట్లాగే ఉంటుంది.

మందిరం చూసుకునే సాలమన్‌కు ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. అప్పుడు గుర్తొచ్చింది. ముంబైలో పొద్దు గూకింది, వాళ్ళ విశ్రాంతి దినం సబ్బాతు మొదలైంది. రేపు చీకటి పడేదాకా వాళ్ళు ఫోన్ ముట్టరు, తెర స్విచ్ ముట్టరు. "మా కోసం నువ్వు మార్చినా మేం మార్చినట్టే. శుక్రవారం పొద్దు గూకాక తెర జోలికి రావద్దు" అని సాలమన్ మొదట్లోనే బతిమాలి మరీ చెప్పాడు.

"జల్ది మార్చెయ్యే," అన్నాడు నర్సింగ్. "ఒక్క బటన్‌తోటి అయితది గద. ఎవలకు ఎర్కైతది?"

"అందరి ముంగట బొమ్మ మారితే ఎర్క కాదా? వాళ్ళ నియమం చెడగొట్టినట్టు గాదా?"

"మరి ముసలామె గుండె ఆగితెనో?"

నా వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. వాళ్ళ నమ్మకాన్ని గౌరవిస్తున్నానని నాకు నేనే చెప్పుకుని లాప్‌టాప్ మూసేశాను. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు, మర్నాడు తిండి సయించలేదు. హన్నాబాయి లోపలికి రావడం, తెర వైపు చూడడం, గుండె పట్టుకుని కూలబడడం, కళ్ళు మూస్తే ఇదే.

శనివారం ముంబైలో చీకటి పడి, ఇక్కడింకా వెలుతురుండగానే ఫోన్ మోగింది. హన్నాబాయి నంబరు. ఎత్తితే సాలమన్ గొంతు! అయిపోయింది, ఆవిడను చంపేశాననుకున్నాను. నేల మీద చతికిలబడ్డాను.

"ఆంటీ నీతో మాట్లాడతారట," అన్నాడు.

బతికే ఉంది! ఏడుపు తన్నుకొచ్చింది. క్షమించమని హిందీలో ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

"గుమ్మంలో నన్ను చూసి నలుగురూ కెవ్వుమన్నారు బేటీ," అని నవ్విందావిడ. "ఫొటో మాత్రం బాగుంది. ముడతలు లేవు." అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "ప్రార్థన జరిగినంతసేపూ ఎదురుగా నా చావే. తల దించుకుని కూర్చున్నాను. ఇప్పుడు మారుస్తుంది, ఇప్పుడు మారుస్తుంది అనుకుంటూనే ఉన్నాను. నువ్వు చూసుకోలేదేమో కదూ?"

అబద్ధమాడడానికి దారి ఆవిడే చూపించింది. నావల్ల కాలేదు. "చూశాను," అన్నాను. "మీ నియమం కదా అని ఆగిపోయాను."



"నియమం నిజమే," అందావిడ, కోపం లేకుండా. "అది నీ కన్నతల్లి పేరైతే ఆగేదానివా?"

నర్సింగ్ నా మొహం చూసి, ఏమైందని చేత్తో అడుగుతున్నాడు. అమ్మ పేరైతే ఆ బటన్ నొక్కడానికి నేను సాలమన్‌నూ తలుచుకునేదాన్ని కాదు, సబ్బాతునూ తలుచుకునేదాన్ని కాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఫోన్ చెవికి ఆనించుకునే లాప్‌టాప్ తెరిచి, ఆ ఒంటి దీపాన్ని తీసేశాను.