దీపం పెట్టకముందే సల్ల

అజీజా బేగంతో వాదించి నెగ్గినవాళ్ళు నార్కట్‌పల్లిలో ఇంకా పుట్టలేదు. ఎనభై ఏడో సంవత్సరం మే నెల, రంజాన్ రోజులు. పక్షులు కూడా చెట్టు దిగని ఎండలో, ఉపవాసంతో ఉండి, బస్సెక్కి చిట్యాల పోయి చిన్నకూతురి పసిబిడ్డను చూసొస్తానంది. కోడలు తాహేరా వద్దంది. వద్దంది కాబట్టే ముసలామె వెళ్ళింది. తాహేరా నోరు మూసుకుని ఉంటే బహుశా ఆగిపోయేది.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చింది. రోడ్డు మీద బస్సు దిగి, వాడ దాకా నడిచి, గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది. ముఖం కమిలిపోయింది. ఒంటి మీద చెమట చుక్కైనా లేదు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్న తాహేరాకు పొయ్యి మీది పెనం అంటుకున్నట్టయింది. వడదెబ్బ అని ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

"అమ్మీ, నీళ్లు తాగు. బీమారున్నోళ్లకు మాఫీ ఉంటది."

"గా మాఫీ ముసలోళ్లకు," అంది అజీజా బేగం, కళ్ళు తెరవకుండానే. "నేను ముసల్దాన్నా? ఇంకెంతసేపు, పొద్దు గూకనే గూకుతాంది. జర ఆగు."

ఇంట్లో ఉర్దూ, వాడలో తెలుగు మాట్లాడే మనిషి. కోపమొస్తే రెండూ కలిపేస్తుంది. ఆ రోజు కోపానిక్కూడా ఓపిక లేక తెలుగులోనే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. తాహేరాకు అసలు భయం అక్కడే పట్టుకుంది.

భర్త లతీఫ్ లారీ తోలుకుని విజయవాడ వెళ్ళాడు, రేపటికి గానీ రాడు. వాడలో సూదులేసే ఐలేశం బంధువుల పెళ్ళికి వెళ్ళాడు. తాహేరా తడిగుడ్డ తెచ్చి మెడకూ నుదుటికీ వేసింది, ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రాసింది, తాటాకు విసనకర్రతో చేతులు పడిపోయేలా విసిరింది. గుడ్డ వేసిన కాసేపటికే ఎండిపోతోంది. మంచం వదిలి పక్కకు కదలాలన్నా ఆమెకు ధైర్యం చాలలేదు.

తాహేరాకు తల్లి లేదు. పదహారేళ్ళకు ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అత్త తిట్టని పూట లేదు. రొట్టె మందమైతే తిట్టు, పలుచనైతే తిట్టు. కానీ మొదటి ఏడాది తాహేరాకు చలిజ్వరం వచ్చినప్పుడు, రాత్రంతా పక్కలో పడుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నదీ ఈమే. ఈ మంచం ఖాళీ అయితే ఈ ఇంట్లో తనను తిట్టేవాళ్ళెవరు అన్న ఆలోచన వచ్చింది. అంత భయంకరమైన ఆలోచన తాహేరాకు ఎన్నడూ రాలేదు.

చివరికి ఉపవాసం విడిచే అజాన్ వినిపించింది. తాహేరా అప్పటికే సబ్జా గింజలు నానేసి, నిమ్మకాయ పిండి, చక్కెర కలిపి షర్బత్ సిద్ధం చేసి పెట్టింది. అత్త తల ఒళ్ళో పెట్టుకుని గ్లాసు నోటికి అందించింది. రెండు గుక్కలు తాగిందో లేదో, తాగిందంతా కక్కేసింది. మంచినీళ్ళు పట్టించింది. అవీ నిలవలేదు.

"తీపి వద్దు," అంది ముసలామె. "సల్ల ఉందా?"

ఇంట్లో మజ్జిగ చుక్క లేదు. ఉండాల్సింది, కానీ లేదు.

రోజూ పొద్దు వాలకముందే తాహేరా చెంబు పట్టుకుని వాడ మలుపులో గుర్వమ్మ ఇంటికి వెళ్ళేది. గొల్ల గోపయ్య భార్య గుర్వమ్మ. వాళ్ళకు గొర్రెలతో పాటు రెండు బర్రెలున్నాయి. ఎండాకాలంలో ఆ వాడకంతా పుల్లని సల్ల ఆ ఇంటినుంచే. పైసా పుచ్చుకోదు, పుచ్చుకోమంటే చెంబు లాక్కుంటుంది. కానీ ఒక్కటే షరతు: దీపం పెట్టకముందే రావాలి. దీపం వెలిగించాక పాలూ సల్లా ఉప్పూ గడప దాటితే ఇంటి లక్ష్మి వాటి వెంట నడిచిపోతుందని, బర్రెలు ఒట్టిపోతాయని ఆ వాడలో అందరి నమ్మకం. అందరి అంటే అందరిదీ. తాహేరా కూడా దీపం పెట్టాక ఎవరికీ ఉప్పు పెట్టదు. ఈ రోజు అత్త పక్కనుంచి లేవలేక సల్లకు పోలేదు. ఇప్పుడేమో బయట మసక పడింది.

అయినా చెంబు తీసుకుని పరుగెత్తింది.

గుర్వమ్మ ఇల్లే ముందు కనిపించింది. కానీ ఇల్లు చీకటిగా ఉంది. లోపల దీపం లేదు, వాకిట్లో బల్బు లేదు. పొద్దు గూకాక దీపం లేని ఇల్లంటే మనుషులు లేని ఇల్లే, అందులో అనుమానమేముంది? ఏ పెళ్ళికో పోయి ఉంటారు అనుకుని, ఆగకుండా ముందుకు పోయింది.

తర్వాతి ఇల్లు రామమ్మది. బల్బు వెలుగుతోంది, దేవుని గూట్లో దీపమూ వెలుగుతోంది. తాహేరా అడగకముందే రామమ్మ చెంబు చూసి ముఖం చిన్నది చేసుకుంది.

"దీపం పెట్టిన, బిడ్డా. మనసుల ఏం పెట్టుకోకు. నిమ్మకాయలు తీస్కపో, చక్కెర తీస్కపో. సల్ల గావాల్నంటే మీ అత్తను గిక్కడికే తోల్కరా, ఇంట్ల కూసోని తాగితే తప్పులేదు."

"లేసి కూసోనే లేస్తలేదు రామక్కా."

రామమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సల్ల దుత్త వైపు చూసింది, దీపం వైపు చూసింది, మళ్ళీ దుత్త వైపు చూసింది. కాళ్ళు మాత్రం కదల్లేదు. తాహేరాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో తనున్నా అలాగే నిలబడి ఉండేదని ఆమెకు తెలుసు. ఎదురింటి నాగులమ్మ దగ్గర సల్ల పగలే అయిపోయింది. ఖాళీ చెంబుతో వెనక్కి తిరిగింది. కాళ్ళు ఈడ్చుకుంటూ, ఇంటికి పోయి ఆ మంచం దగ్గర ఏం చూడాల్సి వస్తుందోనని ఒక్కో అడుగూ వాయిదా వేసుకుంటూ నడిచింది.

చీకటి ఇంటి ముందు నుంచి పోతుంటే లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఏం పిల్లా! ముంగట్నుంచే ఉరికితివి, కేకేస్తే ఇనకపోతివి. పిలువబుద్ధి కాలేదా?"

తాహేరా అదిరిపడింది. గడప అవతల, సల్ల కుండ పక్కన, చీకట్లో గుర్వమ్మ కూర్చుని ఉంది.

"మీరు ఊర్ల లేరనుకున్న పెద్దమ్మా. దీపం లేదు గదా."

"దీపం పెడితే సల్ల ఎట్లియ్యాలె? రోజూ వచ్చేటిదానివి ఇయ్యాల రాకపోతివి. గా అజీజమ్మ ఒక్కపొద్దుతోని ఎండల బస్సెక్కంగ నా కండ్లతోని చూసిన. ఏదో అయింది, సల్ల కోసం ఉరికొస్తవనుకున్న. గందుకే దీపం పెట్టలే, కరెంటు బుగ్గ ఏసుకోలే. కండ్లల్ల ఒత్తులేసుకోని నీకోసమే చూస్తున్న."

ఇంటి లోపలినుంచి గోపయ్య మూలిగాడు. "గుంజకు తట్టుకోని నా బొటనేలు పలిగింది. బుగ్గ ఏస్తనంటే కొట్టొస్తాంది. జర్ర జల్ది తీస్కపో బిడ్డా, పుణ్యముంటది."

తాహేరాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండిటికీ సమయం లేదు. గుర్వమ్మ తడుముకుంటూనే కుండలోంచి చెంబులోకి వంచింది, ఒక్క చుక్క కింద పోలేదు.

"నీళ్లలెక్క పలుచగ చేసిన. ఉప్పేసిన, జీలకర్ర దంచేసిన. చెమటల పోయిన ఉప్పు ఒంట్లకు మర్లి రావాలె. గటగట తాగిపియ్యకు, కక్కుతది. చెంచతోని పొయ్యాలె. నిలిచిందంటే ఇగ ఫికర్ లేదు. పొద్దుగాల జొన్న అంబలి నేనే తెస్త."

"నిలువకపోతే నన్ను లేపు," అన్నాడు చీకట్లోంచి గోపయ్య. "రోడ్డు మీద ఏదన్న లారీ ఆపి దవాఖానకు తోల్కపోదాం."

తాహేరా చెంబు మీద చెయ్యి మూతపెట్టి ఇంటికి పరుగెత్తింది.

మొదటి చెంచా పోసింది. కక్కలేదు. రెండో చెంచా. ముసలామె పెదాలు చప్పరించింది. ఆ చప్పరింపు చూశాక తాహేరా ఇంకో చెంచా నింపింది. అలా ఒక్కో చెంచా పోస్తూ, మధ్యమధ్య తడిగుడ్డ మారుస్తూ, చెంబు సగం దాకా వచ్చింది. అప్పుడు అత్త నుదుటి మీద ఏదో మెరిసింది. తడిగుడ్డ నీళ్ళేమో అనుకుని తుడిచింది. మళ్ళీ మెరిసింది.

"అమ్మీ! చెమట!" అని అరిచింది.

"చెమట గాకపోతే అత్తరా?" అంది అజీజా బేగం. "ఎందుకట్ల ఒర్రుతవ్?"

తిట్టింది! తాహేరా గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆమె మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. ఇంతసేపు ఎక్కడ దాచుకుందో, ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

ముసలామె మెల్లగా తల తిప్పి కోడలి ముఖం చూసింది. ఎండి పగిలిన పెదాలు చూసింది. తాహేరా తెల్లవారుజాము నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. అజాన్ అయ్యాక సల్ల కోసం ఇల్లిల్లూ తిరిగింది గానీ, తన ఉపవాసం విడవాలన్న సంగతే మరిచిపోయింది.

"నువ్వు రోజా ఇడువలేదా?"

తాహేరా అడ్డంగా తలూపింది.

అజీజా బేగం చెంబు వైపు చెయ్యి చాపింది. ఒక్కతే ఎత్తలేకపోతే ఇద్దరూ కలిసి చెంబు పట్టుకున్నారు. అత్త దాన్ని కోడలి నోటి దాకా తెచ్చింది.

"తాగు బేటీ. ఏడ్చుకుంట తాగకు, ఉప్పెక్కువైతది."

తాహేరా ఏడుస్తూనే తాగింది.