సీసా కూర్చున్న కుర్చీ

ఆ విశ్వవిద్యాలయంలో చదివేవాళ్ళు పన్నెండు వేలమంది. అంతమందిలో ఒక్కరితోనూ స్నేహం కుదరకుండా రెండు నెలలు గడపడం మాటలు కాదు, దానికి పెట్టి పుట్టాలి. మన చిట్టి గడిపింది.

తప్పంతా ఆమెదే అనడానికి లేదు. అమ్మాయిల హాస్టలు భోజనాల హాల్లో ఒక ఆచారం ఉంది. కుర్చీ మీద ఏ వస్తువుంటే ఆ కుర్చీ ఆ వస్తువుగలవాళ్ళది. తాళంచెవుల గుత్తి, జేబురుమాలు, దువ్వెన, ఏదైనా సరే. వార్డెను మాట జవదాటేవాళ్ళు ఆ హాస్టల్లో కోకొల్లలు గానీ, దువ్వెనను కాదని కుర్చీలో కూర్చున్నవాళ్ళు మాత్రం లేరు. చిట్టి వెళ్ళేసరికి మంచి కుర్చీలన్నింటి మీదా ఏదో ఒకటి వెలసి ఉండేది. చివరికి ఆమెకు చేతులు కడుక్కునే కుళాయిల పక్కన ఒంటికుర్చీ బల్ల దక్కింది. అక్కడ కూర్చుంటే అప్పుడప్పుడూ అన్నంలోకి సబ్బునీళ్ళు చిందుతాయి.

దాని పక్క బల్లకు నాలుగు కుర్చీలు. మూడింటిలో ముగ్గురు అమ్మాయిలు, నాలుగో దాంట్లో ఒక ఆకుపచ్చ నీళ్ళసీసా. ఆ సీసాగల మహాతల్లి ఎప్పుడొస్తుందా అని చిట్టి రెండు నెలలు చూసింది. ఆవిడ రాలేదు. సీసా మాత్రం పూటపూటా హాజరు.

ఆ ముగ్గురి కబుర్లే చిట్టికి కాలక్షేపం. ఒకామె ప్లీడరమ్మ, గుడ్డు కాస్త చిన్నదైనా వంటాయనతో వాదనకు దిగుతుంది. రెండో ఆమె రేపటక్క, ఆమె ఏ పనైనా రేపే చేస్తుంది. మూడో ఆమె గురకమ్మ. మొదటి రెండు పేర్లూ వాళ్ళు ఎదురుగా పిలుచుకునేవే. మూడోది మాత్రం ఆమె వడ్డన వరసలో నిలబడ్డప్పుడే బల్ల దగ్గర వినిపించేది. ఆ సంగతి చిట్టి గమనించింది గానీ అమ్మకు చెప్పలేదు.

అమ్మకు చెప్పడమేమిటంటే, అసలు కథ అక్కడే ఉంది. అమ్మ బట్టలు కుడుతుంది. రోజూ సాయంత్రం మిషను తొక్కుతూనే ఫోను చేస్తుంది. చిట్టికి రాళ్ళంటే ప్రాణం, భూగర్భశాస్త్రం చెప్పేది ఈ ఊళ్ళోనే. నలుగురిలో నోరు విప్పలేని పిల్లని అంతదూరం పంపడానికి అమ్మ మనసు ఒప్పలేదు. ఒంటరిగా ఉన్నావని తెలిసిందా, మర్నాడే తీసుకొచ్చేసి ఇంటి పక్క కాలేజీలో చేర్పిస్తానన్న షరతు మీద పంపింది. అందుకని మొదటివారమే, స్నేహితులు దొరికారా అని అమ్మ అడిగితే, దొరికారు, ముగ్గురు అనేసింది చిట్టి. ఆ తర్వాత పక్క బల్ల దగ్గర ఏం వింటే అది పూస గుచ్చినట్టు అప్పజెప్పింది. ఒక్క ముక్క కల్పించలేదు. అబద్ధమాడడంలో కూడా నిజాయితీగల పిల్ల.

శనివారం సాయంత్రం అమ్మ, రేపు వస్తున్నానని చెప్పి పెట్టేసింది. చిట్టికి గుండెల్లో రాయి పడింది. భూగర్భశాస్త్రం చదివేవాళ్ళకి రాళ్ళు కొత్త కాదు గానీ ఇది వేరే రకం.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ దిగగానే చిట్టి గేటు దగ్గరే మొదలుపెట్టింది, ముగ్గురూ ఊరెళ్ళారని. అమ్మ అయ్యో అని, ఆకలేస్తోందే, ముందు అన్నం తిందాం అంటూ జనం వెళ్తున్న దారి చూసుకుని హాల్లోకి నడిచేసింది. చిట్టి వెనక పరిగెత్తింది.

హాల్లో ఒకమ్మాయి గుడ్డును వంటాయన ముఖానికి ఎత్తి చూపిస్తూ, నిన్నటి గుడ్డుకీ దీనికీ పోలిక ఏమైనా ఉందా చెప్పమంటోంది. అమ్మ ఠక్కున ఆగిపోయింది.

"ఆ పిల్ల ప్లీడరమ్మ కదూ? ఊరెళ్ళిందన్నావు?"

చిట్టి నోరు తెరిచింది. ఈలోగా అమ్మ ప్లీడరమ్మ వెంటే ఆ బల్ల దగ్గరికి చేరి, చిట్టి వాళ్ళమ్మనని చెప్పి, సంచిలోంచి మూడు దిండు గలేబులు తీసి పరిచింది. తెల్లటి బట్ట, అంచుకి కుట్టు, మధ్యలో రంగుదారంతో ముత్యాల్లాంటి అక్షరాలు. ప్లీడరమ్మ. రేపటక్క. గురకమ్మ.

మొదటి ఇద్దరూ తమ పేర్లు చూసుకుని, ఈ చిట్టి ఎవరా అని తెల్లముఖాలు వేశారు. మూడో ఆమె మూడో గలేబును చేతిలోకి తీసుకుంది. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది ఎవరికి ఆంటీ?"

"నీకేనమ్మా. నీ ముద్దుపేరటగా?"

మూడో ఆమె మెల్లగా స్నేహితురాళ్ళవైపు తిరిగింది. రేపటక్క, తర్వాత చెప్తానంది. ప్లీడరమ్మ జీవితంలో మొదటిసారి వాదించలేదు. అప్పుడు మూడో ఆమె చూపు కుళాయిల పక్కన నిలబడ్డ చిట్టి మీద పడింది.

"పక్క గది నీదేగా. నువ్వు చెప్పు. నేను గురక పెడతానా?"

పారిపోదామంటే ఎక్కడికి? చిట్టికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధాలు నిండుకున్నాయి, ఇక నిజమే మిగిలింది.

"పెడతావు. గట్టిగానే పెడతావు. కానీ పోయిన వారం నువ్వు ఊరెళ్తే రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఆ చప్పుడు వింటే గోడ అవతల ఒక మనిషి ఉందనిపిస్తుంది నాకు. ఇక్కడ నాకు తెలిసింది ఆ ఒక్క చప్పుడే."

మూడో ఆమె, మా అమ్మ కూడా ఇంత మంచిగా చెప్పలేదు అని పకపకా నవ్వింది. మిగతా ఇద్దరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

అప్పుడు బయటపడింది రెండో సంగతి. ఎవరితోనూ మాట్లాడకుండా, చెవులు రిక్కించి, తమ పక్కనే కూర్చుంటుంది గనక ఈ పిల్ల వార్డెనుగారి చెల్లెలి కూతురని, కబుర్లు మోయడానికే పెట్టారని వాళ్ళు రెండు నెలలుగా నమ్ముతున్నారట. కబుర్లు మోసిన మాట నిజమేనని, కాకపోతే మోసింది అమ్మకని చిట్టి ఒప్పుకుంది.

"కూర్చోవే మరి," అంటూ అమ్మ నాలుగో కుర్చీలోంచి సీసా ఎత్తింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. "ఇదెవరిది?"

ప్లీడరమ్మ రేపటక్కదంది. రేపటక్క గురకమ్మదంది. గురకమ్మ తనది కాదంది. తాము రాకముందునుంచే ఆ సీసా అక్కడుందని, ముగ్గురూ రోజూ దానికి కుర్చీ కాస్తున్నారని తేలింది. అమ్మ మూత తీసి వాసన చూసి, ముఖం చిట్లించి సంచిలో పడేసింది. చిట్టి కూర్చుంది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అమ్మకు మాత్రం ఒంటికుర్చీ బల్లే మిగిలింది.

సాయంత్రం బస్సు దగ్గర చిట్టి తప్పు ఒప్పుకోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెలుసే. రెండు నెలలు వాళ్ళేమన్నారో వీళ్ళేమన్నారో చెప్పావు. నువ్వేమన్నావో ఒక్కరోజూ చెప్పలేదు. నీ మాట నిజమవ్వాలని గలేబులు కుట్టాను గానీ, తీసుకెళ్దామనే వచ్చాను."

సంచి అడుగునుంచి మడతపెట్టిన పెద్ద ఖాళీ సంచి తీసి చూపించింది, చిట్టి సామాను కోసం తెచ్చింది. మళ్ళీ అలాగే మడిచి లోపల పెట్టుకుంది. ఒక్కతే బస్సెక్కింది.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. వెనకాల మిషను చప్పుడు.

"ఊఁ, ఇవాళ ఎవరేమన్నారు?"

"ముందు నేనన్నాను," అంది చిట్టి.

అవతల మిషను చప్పుడు ఆగింది.